పచ్చగానే ఉండిపోయిన ఊరు

ఇన్నేళ్లుగా ఒక పటం నాతో తిరుగుతోంది. ఇప్పుడది ఎక్కడా లేదు. నేనే చెరిపేశాను. అలాంటిదొకటి ఉండేదని తెలిసినవాణ్ని ఇక నేనొక్కణ్నే. మీకే ఎందుకు చెబుతున్నాను? బహుశా మీరు నన్ను ఎరగరు కాబట్టి.

దినపత్రిక డెస్కులో పన్నెండేళ్లు పనిచేసి సింగపూర్ వచ్చాను. ఇంటర్నెట్ అనే మాట వినబడితే చాలు, కంపెనీలు లేచి నిలబడుతున్న రోజులవి. సైన్స్ పార్క్‌లో మాదొక వార్తల వెబ్‌సైట్. అందరూ ప్రోగ్రామర్లే, వార్త తెలిసినవాణ్నని నన్ను పెట్టుకున్నారు. శ్రీలంక అంతర్యుద్ధం పేజీ నాకిచ్చారు. ముఖ్యమైన పోరాటాలు, మలుపులు అన్నీ అందులో ఉండాలి. జాఫ్నా చేతులు మారడం, ముల్లైత్తీవు శిబిరం పడిపోవడం, కిలినొచ్చి కోసం జరిగిన పోరు. ఒక్కో గుర్తు మీద నొక్కితే ఒక్కో కథ తెరుచుకునేది. అన్నిటికీ పైన ఒక పటం. సైన్యం చేతిలో ఉన్నది పచ్చ, తిరుగుబాటుదార్లది ఎరుపు. రోజూ పొద్దున ఏజెన్సీ వార్తలు చదివి ఆ రంగుల హద్దు జరిపేవాణ్ని.

హౌగాంగ్‌లో సెల్వం అంకుల్ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆయనది జాఫ్నా వైపు. స్కూల్లో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. భార్య పోయింది, కూతురు మాలతి బ్యాంకులో ఉద్యోగం చేసేది. ఆయన అక్క మాత్రం అక్కడే ఉండిపోయింది, జాఫ్నా దారిని కాసే సైనిక స్థావరం ఎలిఫెంట్ పాస్‌కి ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో. ఆ ఊరి పేరు రాయలేను. మాలతి కొనిపెట్టిన కంప్యూటర్లో ఆయన చూసేది నా పటమొక్కటే. నేను చెప్పులు విప్పుతుండగానే అడిగేవారు. "ఏం జనరల్, ఇవాళ ఎవర్ని ఎక్కడికి తరిమావు?" నాది చిత్తూరు జిల్లా, ఆయన తమిళం నాకు బాగానే అర్థమయ్యేది.

ఆ బుధవారం మా కంపెనీలో పెట్టుబడి పెట్టే పెద్దలు ఆఫీసు చూడటానికి వస్తున్నారు. ప్రతి పేజీ మీదా ఆ రోజు తేదీ కనబడాలని మేనేజర్ పట్టు. పత్రికలోనూ తీరిక లేనప్పుడు పాత పటమే బయటికి తీసి, ఒక బాణం గుర్తు జరిపి, తేదీ మార్చి పంపేసేవాళ్లం. ఆ రోజు నేను బాణం కూడా జరపలేదు. తేదీ మార్చానంతే. అప్పటికే ఏజెన్సీ వార్త వచ్చి ఉంది, తిరుగుబాటుదార్లు సముద్రం మీదుగా దిగి జాఫ్నా రోడ్డును తెగ్గొట్టారని. శీర్షిక చూడలేదని ఇన్నేళ్లలో నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో! చూశాను. పెద్దలు వెళ్లాక చేద్దాంలే అనుకున్నాను.

భోజనాలయ్యాక కూర్చుని ఆ ప్రాంతమంతా ఎరుపు చేశాను. అదే ఫైలు మీద, అదే పేరుతో. పాతది పోయింది. పత్రికలో అయితే తప్పు కాగితం మీద మిగిలిపోతుంది, మర్నాడు సవరణ వేయక తప్పదు. ఇక్కడ ఒక్క మీట నొక్కితే తప్పు జరిగిన ఆనవాలే ఉండదు. అది నాకెంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

నేను రంగు మార్చేలోపే ఇంట్లో అంకుల్ పటం చూశారు. అక్క ఊరు పచ్చగా ఉంది. కింద ఆ రోజు తేదీ ఉంది. ఆ ఊళ్లో చర్చి ఫాదర్‌కి ఫోన్ చేసి, ఊరికి భయం లేదు, దారిలోనే ప్రమాదం, అక్కను ఇల్లు కదలొద్దని చెప్పమన్నారు. వీధి సగం మూటలు కట్టుకుని అప్పటికే బయల్దేరుతోంది. అక్క కట్టిన మూట విప్పేసింది. మరో రెండు రోజులకు ఆ వీధి మీద గుండ్లు పడ్డాయి. అక్క పోయిందని ఫాదరే ఫోన్ చేసి చెప్పారు.

ఆదివారం పొద్దున అంకుల్ నన్ను హాల్లోకి పిలిచారు. జనరల్ అనలేదు.

"తంబీ, ఒక్క మాట చెప్పు. బుధవారం పొద్దున అక్క ఊరు పచ్చగానే ఉంది కదా?"

"లేదంకుల్. పొద్దుట్నుంచీ ఎరుపే."

"తేదీ చూశానే నేను. బుధవారమే."

"ముందు రోజుది చూసుంటారు."

వంటింట్లోంచి మాలతి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఎన్నిసార్లు చెప్పానప్పా, రిఫ్రెష్ కొట్టాలని! కొట్టకపోతే పాత పేజీయే వస్తుంది. అంతే కదన్నా?"

నా వైపు చూసింది. ఆయనా చూశారు. నేను తలూపాను.

ఆ తలూపడం దగ్గరే ఆగిపోయాను. పటం ఎర్రగా ఉండి ఉంటే అక్క బతికేదా? ఏమో. ఆ దారిలోనూ జనం పోయారు. ఆ ప్రశ్న పట్టుకుని ఎంతకాలం నన్ను నేను కాపాడుకున్నానో! తేదీ మార్చినప్పుడు నాది అజాగ్రత్త. తలూపినప్పుడు ఆయన ఎదురుగా ఉన్నారు, ఆయన మొహం నాకు కనబడుతూనే ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? గది ఖాళీ చేయమంటారనా? నిజానికి అంత కూడా ఆలోచించలేదు. దారి దొరికింది, దూరిపోయాను.

వారం తిరక్కుండా ఆయన కళ్లజోడు మార్చారు. పవర్ ఏమీ మారలేదని డాక్టర్ చెప్పినా వినలేదు. బస్సు నంబరు కూడా పక్కవాళ్లని అడిగి ఎక్కేవారు. ఉత్తరం వస్తే మాలతి చేత చదివించుకునేవారు. కొన్నాళ్లకు ఎలిఫెంట్ పాస్ పడిపోయింది. యుద్ధంలో పెద్ద మలుపని నేనే రాశాను, చక్కగా, నలభై వాక్యాల్లో. ఆ ఊరి ప్రస్తావన రాకుండా జాగ్రత్తపడ్డాను.

కంపెనీ మూతపడింది. నేను సింగపూర్‌లోనే మరో మూలకు, బుకిట్ పంజాంగ్‌కి మారాను. అంకుల్ పోయారని తెలిసి వెళ్తే మాలతి నా చెయ్యి పట్టుకుని అంది, "చివరిదాకా అదే మాటన్నా. నేను సరిగ్గా చూడలేదు, సరిగ్గా చూడలేదు అని." అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఇంటికొచ్చి వారం రోజులు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగాను.

ఇది రాసినందువల్ల ఎవరికీ ఏదీ తిరిగిరాదు. క్షమించమని అడగడానికి ఆయన లేరు. మాలతికి ఇది చూపించే ధైర్యం ఉందో లేదో నాకే తెలియదు. కానీ నాకొచ్చిన పని ఒకటుంది, డెస్కులో నేర్చుకున్నది. ఎప్పుడో వేయాల్సిన నాలుగు ముక్కలు. వేస్తుంటే, చాలా కాలానికి, ఊపిరి కాస్త లోపలిదాకా వెళ్తోంది.

సవరణ: ఆ బుధవారం పొద్దున మా పటంలో ఆ ఊరు పచ్చగానే ఉంది. కింద ఆ రోజు తేదీయే ఉంది. సెల్వం అంకుల్ సరిగ్గానే చూశారు.