మందుకు ముందే నయమైన ముఖం

ఫోన్లే మన ముఖాలకు సున్నం కొట్టే కాలం ఇంకా రాని ఆ రోజుల్లో, మదనపల్లెలో ముఖం బాగుపడాలంటే రెండే దారులు. ఒకటి చర్మం డాక్టరమ్మ క్లినిక్, రెండోది ఆ క్లినిక్ కిందనే ఉన్న మా ఫొటో స్టూడియో. డాక్టరమ్మకు నెల పట్టే పని నేను పది నిమిషాల్లో చేసేవాణ్ణి. మొటిమలైనా, పుట్టుమచ్చలైనా, అమ్మవారు పోసిన గుంతలైనా కంప్యూటర్లో మౌస్‌తో రుద్దితే పోవలసిందే. తొమ్మిదో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చి (ఆయన తప్పన్నాడు, నేను ఒప్పన్నాను) బడి మానేసిన నాకు, ఆ మౌస్ పట్టుకుంటే ఉండే పొగరు ఇంతా అంతా కాదు. స్టూడియో యజమానిని ఊరంతా భాయ్ అనేది. ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే: "ఉండే మొగాన్ని ఉండేట్టే ఇస్తే అద్దం సాలదా రే? మనం యాల?"

ఒకరోజు డాక్టరమ్మ నన్ను కెమెరా తీసుకుని పైకి రమ్మంది. కుప్పం నుంచి వచ్చిన ఒకాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెంప నుంచి మెడ దాకా, ఎర్రగడ్డను, అదే ఉల్లిపాయను, అడ్డంగా కోసి అద్దినట్టు, వలయంలో వలయం, దాంట్లో ఇంకో వలయం.

"ఇట్లాంటిది మన పక్క నేనెప్పుడూ చూడలేదప్పా. దీన్ని రాసి వైద్య పత్రికకు పంపిస్తాండాను. ఉగాది లోపల వాళ్లు వేసుకుంటామంటే, మెడికల్ కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం వస్తుంది. చిన్నప్పటి నుంచి నా ఆశ అది. ఫొటోలు బాగా తీసినావంటే చివర్లో కృతజ్ఞతలని నీ పేరు కూడా వేయిస్తా" అంది.

ఇంగ్లీషు పత్రికలో నా పేరు! లెక్కల అయ్యవారు చదువుతున్నట్టు అప్పుడే కల వచ్చింది. కుప్పం ఆయన మాత్రం, "నా పేరు ఎయ్యరా?" అని అడిగి, రోగి ఎవరో తెలియకూడదని డాక్టరమ్మ చెప్పగానే ఉసూరుమంటూ ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు. ఒకే ఫొటో తీసి, కిందికి వచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాను.

నెల మందులు మింగి, మచ్చలు పోయి ఆయన మళ్లీ వచ్చిన రోజు నేను పుంగనూరులో ఒక పెండ్లి ఫొటోలు తీస్తున్నాను. అందుకని నయమైన ముఖాన్ని డాక్టరమ్మే తన ఫోన్లో తీసుకుంది. తర్వాత పత్రిక వాళ్లు అడిగిన సైజులో రెండు ఫొటోలనూ తయారుచేసి, మా కంప్యూటర్ నుంచే పంపే పని నాకు అప్పజెప్పింది. ఆ పొద్దు నా ముందు పది పాస్‌పోర్టు ఫొటోలు ఉన్నాయి. పదిమందికీ రుద్దుకుంటూ వచ్చాను. పదకొండో ముఖం కుప్పం ఆయనది. తప్పు నాది కాదు, చేతిది. వలయాలు ఒకదాని వెనక ఒకటి మాయమయ్యాయి. పనిలో పనిగా రంగు కాస్త తేల్చి, వెనక నీలం తెర వేసి, అసలుది చెరిగిపోయేట్టు పాత ఫొటో మీదనే దాచేసి, పంపించేశాను. కెమెరా కార్డునేమో పుంగనూరు పెండ్లి కోసం ఎప్పుడో తుడిచేశాను.

అయిదు వారాలకు డాక్టరమ్మ ఒక కాగితంతో మెట్లు దిగి వచ్చి, లైట్ల మధ్య ఉండే స్టూలు మీద కూర్చుంది.

"పత్రిక వాళ్లు ఏమంటాండారో విను. రోగి ముఖంలో వాళ్లకు ఏ రోగమూ కనిపించలేదంట. ఫొటోలను బట్టి చూస్తే, నా మందు వాడినాక ఆయన ముఖం కొంచెం చెడిందంట. ఇరవై రోజుల్లో అసలు ఫొటో పంపకుంటే ఇంక వద్దంట. మచ్చలు యాడికి పోయినాయప్పా?"

"తీసేసినా మేడం."

"నాకు నెల పట్టింది. నీకెంతసేపు పట్టింది?"

"పది నిమిషాలు మేడం."

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. తిట్టినా బాగుండేది. భాయ్ మాత్రం తెరను చూస్తూ, "పని అయితే శుభ్రంగా చేసినాడు మేడం" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కి, పుంగనూరులో మారి, కుప్పంలో దిగాను. ఇంకేమన్నా ఆధారం దొరుకుతుందేమోనని ఆశ. క్లినిక్ పుస్తకంలో వీధి పేరుంది, ఇంటి నంబరు లేదు; ఆయన పేరు చెబితే ఆ పేరుతో నలుగురున్నారన్నారు. చేతిలో ఉన్నది నేను చెక్కిన ఫొటో ఒక్కటే. టీ అంగడాయన దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "ఎవురప్పా ఈయన, సీరియల్లో యాక్ట్ సేస్తాడా?" అన్నాడు. మూడిళ్లలో తెలియదన్నారు. నాలుగో ఇంట్లో ఒకామె తలుపు తీసి, ఫొటో చూసి, "ఇట్లాంటాయన ఈ వీధిలోనే లేడప్పా" అంది. ఆమె వెనక, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఆయనే నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఆయనే ఈయన."

ఆమె వెనక్కి చూసింది, ఫొటో చూసింది. "పెండ్లి నాడు కూడా ఇంత బాగా లేడే!"

సంగతి చెప్పాను. ఆమె ఫోన్ తెచ్చింది. అప్పట్లో ఆస్పత్రికి పొమ్మంటే ఆయన మొండికేస్తున్నాడని, తన అన్నకు చూపించడానికి తీసిన ఫొటో అందులో ఉంది. కొంచెం మసక, మూలన ఆరేసిన లుంగీ, కానీ వలయాలు లెక్కపెట్టుకోవచ్చు. నాకు ప్రాణం లేచి వచ్చింది. కొత్త ఫొటోకు మళ్లీ ఒప్పుకోలు సంతకం కావాలనేసరికి ఆయనే అడ్డం పడ్డాడు.

"ఇంత మంచి ఫొటో ఉండంగ అదెందుకప్పా? ఏస్తే ఇదే ఎయ్యమను. లేకుంటే నేను సంతకం పెట్టను."

"నువ్వు ఊరుకోవయ్యా," అంది ఆమె. "ఆయమ్మ నయం చేసింది నీ మొగాన్ని. ఈ నీలం తెర ఫొటోలో ఉండేవాడికి నయం చేసేదానికి ఏముండాది?"

ఆయన కాసేపు గడప మీద అలిగి కూర్చున్నాడు. నీలం తెర ఫొటో తనకే ఉంచేసుకుంటానన్న షరతు మీద సంతకం పెట్టాడు.

ఉగాదికి ఎనిమిది రోజుల ముందు పత్రిక వాళ్లు ఒప్పుకున్నారు. డాక్టరమ్మ పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు, "కృతజ్ఞతల్లో ఆ అక్క పేరు వేయండి మేడం, ఫొటో ఆమెది" అన్నాను. "ఆమె పేరు వేస్తే ఆయన ఎవరో తెలిసిపోతుందప్పా. వెదికి తెచ్చింది నువ్వే కదా" అని నా పేరే వేయించింది. నేను తీయని ఫొటోకు నా పేరు అచ్చయింది. నేను ప్రాణం పెట్టి చేసిన ఫొటో, ఏ పేరూ లేకుండా, కుప్పంలో ఒక గోడ మీద ఉంది.

ఇప్పుడు స్టూడియో నాదే. ఎవరి ముఖం మీద చెయ్యి వేసే ముందైనా, ఉన్నది ఉన్నట్టు ఒకటి పక్కన దాస్తాను. పత్రికలోని ఆ పేజీ అద్దం కట్టించి కంప్యూటర్ పైన తగిలించాను. మొన్న ఏదో కాగితానికి నా ఫొటోనే కావలసి వచ్చింది. తీసి తెర మీద పెడితే, నుదుటి మీద మూడు గీతలు, ఒకదాని కింద ఒకటి. మౌస్ పట్టుకున్నాను. పైనున్న పేజీ చూశాను. మౌస్ వదిలేశాను.

రెండు గీతలు అట్లాగే ఉన్నాయి. మూడోది ఏమయిందంటారా? తప్పు నాది కాదు, చేతిది.