కష్కా నిలబడే అరగంట

తుర్దకున్ తాతకి మనిషి ఎదురైతే ముఖం కనబడదు, ఆ ఇంటి ఆవు పొదుగే కనబడుతుంది. ఊరంతా సలాం అంటుంటే ఆయన మాత్రం "నాలుగూ క్షేమమేనా?" అంటాడు. నాలుగంటే నాలుగు చన్నులు. విందులోనూ అదే పలకరింపు, చావింట్లోనూ అదే. ఒకసారి పొరుగూరి పెళ్ళికొడుకుని అడిగితే, అతను బావమరుదుల సంగతనుకుని, "ముగ్గురు వచ్చారు తాతా, నాలుగో ఆయన రష్యాలో ఉన్నాడు" అన్నాడు. తాత జాలిగా తల ఊపి, "మూడింటితో నెట్టుకురావడం కష్టమే" అన్నాడు.

సమష్టి వ్యవసాయం రోజుల్లో ఆయన పశువైద్యుడికి సహాయకుడు. సమష్టి పోయింది, వైద్యుడూ పోయాడు, ఈయన సహాయం మాత్రం ఎవరూ ఆపలేకపోయారు.

చోల్పొన్ ఆ ఊరికి కోడలిగా వచ్చిన ఏడే, శరదృతువులో, వాళ్ళ ఆవు కష్కా పొదుగు ఒకవైపు రాయిలా గట్టిపడింది. పాలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. అత్తగారు బెర్మెత్ వీధిలో వినబడేలా అంది: "నా చేతికింద పదేళ్ళు రోగమన్నది ఎరగదు. కొత్త చెయ్యి పడింది, పొదుగు చెడింది." ఆ మాట ఊళ్ళో పాకితే ఇక ఏ ఆవు తుమ్మినా తనదే నేరమని చోల్పొన్ భయపడింది.

తాత వచ్చాడు. టీ వద్దని నేరుగా కొట్టంలోకి వెళ్ళి, మేకుకు వేలాడుతున్న గుడ్డ వాసన చూశాడు.

"దీంతో ఏం తుడుస్తారు?"

"మూడు ఆవుల పొదుగులూ," అంది బెర్మెత్.

"ఇంకా?"

"ఎప్పుడైనా టీ కెటిలు."

"అది పాలివ్వదు గనక బతికిపోయింది."

మందు తెప్పించాడు. ఆవుకో గుడ్డ, కింద పొడిగడ్డి, జబ్బు ఆవుని అన్నిటికన్నా చివర పితకడం, అన్నీ చెప్పాడు. "దోషం చేతిది కాదు, గుడ్డది, తడి పేడది," అని అత్తగారి కంటే గట్టిగా, వీధి చివరిదాకా వినబడేలా అన్నాడు. చోల్పొన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"ఇంకొకటి. పితికాక చనుమొన మూసుకోవడానికి అరగంట పడుతుంది. అందాకా ఆవు పడుకోకూడదు. అంచేత పితికిన మనిషి దాని ఎదురుగా కూర్చోవాలి. మనిషి లేచిందో, ఆవు పడుకుంటుంది."

"కోడలు కూర్చోవడమా?" అంది బెర్మెత్.

"నీకు మరుపు ఎక్కువైంది బెర్మెత్," అన్నాడు తాత.

చోల్పొన్‌కి అప్పుడు అయిదో నెల. తెల్లవారకముందు టీనీళ్ళ సమోవార్ రాజేసిన దగ్గర్నుంచి కాళ్ళమీదే ఉంటుంది. రొట్టెలు, నీళ్ళు, పెద్దవాళ్ళ పియాలాల్లో టీ. వాళ్ళ ముందు కూర్చోవడం కోడలికి మర్యాద కాదు. బోర్లించిన బకెట్ మీద వాచిన కాళ్ళు చాపుకున్న ఆ అరగంట ఒక్కటే రోజు మొత్తంలో ఆమె సొంతం.

సాయంత్రం ప్రహరీ మీంచి తాత తల లేచేది.

"కూర్చోవడం జరుగుతోందా?"

"లేదు తాతా, నిలబడే ఉంది."

"ఆవు కాదమ్మా, నువ్వు."

చలి మొదలయ్యాక జిల్లా నుంచి ఒక కుర్ర పశువైద్యుడు వచ్చి బడిలో సమావేశం పెట్టాడు. గుడ్డల సంగతీ, గడ్డి సంగతీ తాత చెప్పినట్టే చెప్పాడు. ఆపైన, "పితకగానే ముందర మేత వెయ్యండి. తింటున్నంతసేపూ ఆవు నిలబడే ఉంటుంది. మనిషితో పనే లేదు," అన్నాడు.

తన అరగంట ఇక పోయినట్టే అనుకుంది చోల్పొన్. అందరూ తాత వైపు తిరిగారు. తాత పైకప్పుకి పొదుగు ఎక్కడుందా అని వెతుకుతున్నాడు.

బెర్మెత్ లేచింది. "చదువుకున్నవాడివి నాయనా, కాదనను. కానీ మా కష్కా నీకు తెలీదు. ఎదురుగా మనిషి కూర్చోకపోతే మేత ముట్టదు."

"అలాంటి ఆవుని నేనెక్కడా చూడలేదండీ."

"నేను చూశాను. ముప్పై ఏళ్ళ కిందట, మా అత్తగారింట్లో. దాని ముందు కూర్చున్నది నేనే. నా కడుపులో ఈ పిల్ల మొగుడున్నాడు. కూర్చోమన్నది ఈ తాతే."

వెనక వరసలో ఒక ముసలమ్మ, "మా ఆవూ అంతే" అంది. ఆ పక్కావిడదీ అంతేనట. కాసేపటికి ఆ ఊళ్ళో మామూలు ఆవన్నది మిగల్లేదు. కుర్రాడు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు.

బయట మంచులో తాత చోల్పొన్‌కి ఎదురయ్యాడు.

"నాలుగూ క్షేమమేనా?"

"క్షేమమే తాతా," అంది చోల్పొన్. "నా కాళ్ళు రెండూ కూడా."