సరితక్క మొక్కల లైటు

నిన్న పొద్దున జగిత్యాల సుజాత ఫోన్ చేస్తే, ఎక్కడో కొత్త మొక్కలు దొరుకుతున్నాయని చెప్తుందనుకున్నాను.

"సరితక్క లేదే. రాత్రి నిద్రల్నే పోయిందట" అంది.

ఏ సరితక్క అని అడిగాను. మా ఇద్దరికీ తెలిసిన సరితక్క ఒక్కతే. అయినా అడిగాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. సిరిసిల్ల సరితక్క, ఎండ కోరే దళసరి ఆకుల మొక్కలు పెంచే మా సక్యులెంట్స్ గ్రూప్‌లో అందరికంటే ఎక్కువ మాట్లాడేది, అందరికంటే ఎక్కువ నవ్వేది. వాళ్ళింటి పక్క షెడ్డులో పవర్‌లూమ్‌లు. నూలు దుమ్ము రాకుండా కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఎండ పొడ తగలని ఆ ఇంట్లో సక్యులెంట్స్ పెంచుతానని పట్టుబట్టింది.

కోరుట్లలో నాదీ వెలుతురు లేని కింది పోర్షనే. అప్పటికే ఎండకి బదులు మొక్కల మీద వెలిగించే రకరకాల లైట్లు కొని, డబ్బు తగలేసి కాస్త నేర్చుకున్నాను. అందుకని నన్ను అడిగేది.

అడిగేది కానీ, మొదటి లైటు అడక్కుండానే కొనేసింది. ఆ గులాబీ, ఊదా రంగులది.

"మా అత్త తిడుతున్నదే. ఇంట్ల బరాత్ నడుస్తున్నట్టున్నదట. ఎదురింటోళ్ళు పెండ్లి ఎవలిదని అడిగిండ్రట" అని ఫోన్లో ఒకటే నవ్వు.

ఆ రంగులో ఆకు బాగుందో కుళ్ళుతోందో కనపడదక్కా, మామూలు తెల్ల LED తీసుకో అన్నాను. తీసుకుంది. మరీ పైన కట్టింది, మొక్కలన్నీ వెలుతురు కోసం మెడలు సాగదీశాయి. మరీ కిందికి దించింది, ఆకుల కొసలు మాడాయి. చివరికి జానెడు ఎత్తులో కుదిరింది.

రాత్రి ఆపెయ్యాలి, వాటికీ చీకటి కావాలి, ఒక టైమర్ కొను అంటే వినలేదు. పొద్దుటి షిఫ్టు మొదలైతే లైటు వేసేది, షిఫ్టు దిగితే ఆపేది. "గా లూమ్‌ల చప్పుడే నా టైమర్" అనేది.

ఆకుల దగ్గర చెయ్యి పెడితే వేడి తగలకూడదని నేను చెప్పినందుకు, రోజూ చెయ్యి పెట్టి ఫోటో తీసి పంపేది. ఆ చెయ్యి, ఆ మట్టిగాజులు నాకు బాగా తెలుసు.

ఇంటికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. నిన్నే మొదటిసారి.

జగిత్యాలలో బస్సు మారి నేను చేరేసరికి లూమ్‌లన్నీ ఆగి ఉన్నాయి. సరితక్క ముందు గదిలో, ఫ్రీజర్ బాక్స్‌లో ఉంది. తమ్ముడు మస్కట్ నుంచి రావాలని ఉంచారు.

అందరూ ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. అద్దంలోంచి ఆమె మొహం చూడలేక కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. మూలలో స్టాండ్. ఫోటోల్లో చూసిన మొక్కలన్నీ దాని మీదే ఉన్నాయి. లైటు వెలగడం లేదు. ఎవరో దాని ప్లగ్ తీసి కింద పడేశారు.

ఒక్క రోజు లైటు లేకపోతే సక్యులెంట్‌కి ఏమీ కాదు. వారం లేకపోయినా చావదు. గ్రూప్‌లో అందరికీ ఆ మాట చెప్పేది నేనే.

అయినా చెయ్యి ఊరుకోలేదు.

బోర్డుకి రెండు ప్లగ్‌లున్నాయి. లైటు ప్లగ్‌కి చోటు కోసం, ఒకటి ఫ్యాన్‌ది అనుకుని లాగాను.

ఫ్రీజర్ ఆగిపోయింది.

దాని చప్పుడు ఆగగానే గదిలో ఏడుపులు కూడా ఆగాయి.

"ఎవలు తీసిండ్రు ప్లగ్గు?" అని ఒకాయన గట్టిగా అరిచారు. వెంటనే మళ్ళీ పెట్టేశాను. అప్పటికే అందరూ నన్నే చూస్తున్నారు. సరితక్క భర్త లేచి నిలబడ్డారు.

మొక్కల లైటు కోసం అని చెప్పాలి. మనిషి పోయిన ఇంట్లో ఆ మాట ఎలా చెప్పను?

"ఫోన్ చార్జింగ్ పెట్టుకుందామని..." అన్నాను.

"గింతన్న తెలివి లేకపాయె" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తల కొట్టేసినట్టయింది.

అప్పుడు లేచింది వాళ్ళత్త. కోడలి తల దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఏమనకుండ్రి. దూరంకెళ్ళి అచ్చిన బిడ్డ, ఇంటికి ఫోన్ చేసుకోవద్దా? ఇటు తే బిడ్డా, లోపట పెడ్త" అని నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో ఆ పెద్దమనిషి లోపల నా ఫోన్‌కి పట్టే పిన్ను కోసం వెతుకుతుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఫోన్‌లో చార్జింగ్ దాదాపు నిండుగానే ఉంది.

ఏడుపు అప్పుడొచ్చింది. అది సరితక్క కోసమో, నా సిగ్గు కోసమో ఇప్పటికీ తెలియదు.

ఈ రోజు పొద్దున తీసుకెళ్ళారు. నేను వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

బావగారూ, ఈ పోస్టుకి సరితక్కని ట్యాగ్ చేశాను. ఫేస్‌బుక్‌లో మీరు తన ఫ్రెండ్స్‌లో ఉన్నారు, ఇది మీకు కనపడుతుంది. నిన్న నేను అబద్ధం చెప్పాను. ఆ లైటు మళ్ళీ పెట్టాలనే ప్లగ్ లాగాను. మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి. ఆమె ఏం తిట్టినా పడతాను.

సరితక్కా, నీ మొక్కల్ని ఎవరైనా ఒక్క మాటంటే నువ్వు ఊరుకునేదానివి కాదు. నేను నీ ఇంట్లో, నీ ముందే, వాటి పేరెత్తడానికి సిగ్గుపడ్డాను.

క్షమించు. ఏ దిగులూ లేకుండా నెమ్మదిగా పడుకో అక్కా.