బాల్‌రాజ్ తిట్టిన డబ్బాలు

చేవెళ్ల బాల్‌రాజ్ లెక్కలో ఈ లోకంలో శబ్దాలు రెండే రకాలు. ఒకటి నడుస్తున్న మోటరు, రెండోది చెడిపోయిన మోటరు. పెళ్లిలో సన్నాయి విన్నా, ఎన్నికల మైకు విన్నా, పక్కింటి పసిపిల్ల ఏడుపు విన్నా, తల కాస్త పక్కకు వంచి లోపం ఎక్కడుందో తేల్చేస్తాడు. తేల్చిన మరుక్షణం కోపం తెచ్చుకుంటాడు.

వికారాబాద్ రోడ్డు మీద ఆయనకు బోరు మోటర్లు బాగుచేసే షాపు ఉంది. ముప్పై ఏళ్లుగా చుట్టుపక్కల రైతులు కాలిపోయిన మోటర్లు తెచ్చి అక్కడ దించుతున్నారు. బాల్‌రాజ్ స్క్రూడ్రైవర్ మొన మోటరుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని వింటాడు. విన్నాక మోటరును వదిలేసి రైతును పట్టుకుంటాడు. "లో వోల్టేజ్‌ల నడపొద్దని చెప్పిన్నా లేదా? చెప్పిన. విన్నవా? వినలే. ఇప్పుడు గిది గూడ నీ మాట వింటలేదు." ఆయన చేత తిట్లు తినని మోటరు నెల తిరక్కుండా మళ్లీ కాలుతుందని పక్కూరు ఆలూరులో గట్టి నమ్మకం. ఒకసారి ఆయనకు గొంతు పోయి, నోరెత్తకుండా రిపేరు చేసిస్తే, రైతు ఆ మోటరు తీసుకోనన్నాడు. గొంతు వచ్చాక వస్తానని వెళ్లిపోయాడు.

ఇలాంటి మనిషి బాస్ గిటార్ పట్టడానికి కారణం కూడా కోపమే. ఇరవై ఏళ్ల కిందట జ్ఞానేశ్వర్ అనే ఆర్కెస్ట్రా ఆయన ఒక బాస్ గిటార్, దాని స్పీకర్ పెట్టె రిపేరుకిచ్చి, రేపొస్తానని పోయి ఇప్పటికీ రాలేదు. ఆయన వచ్చినరోజు కడుపునిండా తిట్టాలంటే సరుకు నడిచే స్థితిలో ఉండాలి కదా అని బాల్‌రాజ్ రోజూ కాసేపు వాయించి చూసేవాడు. అలా చూస్తూ చూస్తూ చేయి తిరిగిపోయింది. "ఇది నాది గాదు. ఆయన వచ్చేదాక నడిపిస్తున్న, గంతే" అని ఇవాళ్టికీ అంటాడు. జ్ఞానేశ్వర్ పేరు రాసిన అట్టముక్క ఇంకా ఆ గిటార్ మెడకు వేలాడుతూనే ఉంది.

హేమచంద్ ఈ మనిషి చేతికి చిక్కింది కాలిన మోటరుతోనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో విల్లా. తిట్లు తిని బయటికి వస్తుంటే వెనక నుంచి బాస్ గిటార్ మోత వినిపించింది. ఆ మోత విన్నాక తిట్లన్నీ మరిచిపోయాడు. గిటార్ తనకు వచ్చు. దొంతన్‌పల్లి యూనివర్సిటీలో లెక్కలు చెప్పే ఝాన్సీకి డ్రమ్స్ వచ్చు. పక్క విల్లాలో ఉండే సీతారామారావు గారు, అరవై నాలుగేళ్ల మనిషి, ఎనభైల్లో విశాఖ కాలేజీలో రాక్ పాటలు పాడి, ఉద్యోగం రాగానే నోరు కట్టేసుకుని, రిటైరయ్యాక విప్పారు. ఎనభైల నాటి రాక్ పాటల బ్యాండు అలా హేమచంద్ గ్యారేజీలో మొదలైంది.

సీతారామారావు గారిది వేరే వరస. పాడేముందు చెప్పులు విప్పేస్తారు. బాల్‌రాజ్ స్పీకర్ పెట్టె పక్కనే నిలబడతారు. ఆ పెట్టెకు బాల్‌రాజ్ ఒక పెద్ద చెక్కపలక చేయించి కింద వేశాడు. ఎర్త్ కోసమని చెప్పాడు. దాని మీద ఇంకెవరు కాలు పెట్టినా అరుస్తాడు గానీ పెద్దసారును మాత్రం ఏమీ అనడు. ఇక సీతారామారావు గారిని ఏ సంగతి మీద అభిప్రాయం అడిగినా ఒకటే మాట, "అద్భుతం."

గొడవ మొదలైంది మొయినాబాద్ రిసార్టు వాళ్లు కబురు పెట్టాక. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక గంట వాయించాలి, జనానికి నచ్చితే ప్రతి ఆదివారం ఈ బ్యాండుదే. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని హేమచంద్ కన్న కల అది. బాస్ శబ్దం అచ్చం పాత క్యాసెట్లలోలా ఉండాలని పట్టుబట్టాడు. దానికి గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి కాలితో నొక్కే చిన్న డబ్బాలుంటాయి, పెడల్స్ అంటారు. ఒక్కొక్కటి ఒక్కో రకంగా శబ్దాన్ని మారుస్తుంది. మొదట కంప్రెసర్ తెచ్చాడు.

బాల్‌రాజ్ రెండు దెబ్బలు వాయించి, స్క్రూడ్రైవర్ తీసి డబ్బాకు ఆనించి విన్నాడు. "లో వోల్టేజ్. మోటరు తిరుగుతున్నది గని నీళ్లు ఎక్కుతలేవు. తీసెయ్."

తర్వాతి శనివారం ఓవర్‌డ్రైవ్. "వైండింగ్ కాలింది. వాసన ఒక్కటే తక్కువున్నది."

ఆపై వారం ఫ్లాంజర్. "బోరు ఎండింది. గాలి గుంజుతున్నది. ఎవడమ్మిండు నీకు? వాని నంబర్ ఇయ్యి, నేను మాట్లాడ్త."

"అన్నా, అది మోటరు కాదు, సంగీతం" అన్నాడు హేమచంద్, పళ్లు బిగించి.

"తిరిగేదేదైనా మోటరే. గొంతు మోటరే. గుండె మోటరే. నువ్వు జర ఊకో."

చివరికి హేమచంద్ కోరస్ పెడల్ తెచ్చాడు. ఎనభైల బాస్‌కు ప్రాణం అదే. ఒక్క స్వరాన్ని రెండుగా చీల్చి, రెండోదాన్ని కొంచెం అటూ ఇటూ ఊపుతుంది. గ్యారేజీ అంతా నీళ్లలో వెన్నెల పడ్డట్టయింది. ఝాన్సీ కర్రలు ఒళ్లో పెట్టుకుని వింటూ ఉండిపోయింది. బాల్‌రాజ్ కూడా ఒక నిమిషం, తిట్టకుండా, కళ్లు మూసుకుని వాయించాడు. తర్వాత కళ్లు తెరిచి పక్కన నిలబడ్డ సీతారామారావు గారి వైపు చూశాడు. ఒక్కసారిగా ముఖం ఎర్రబడింది.

"బుష్ అరిగింది. షాఫ్ట్ ఊగుతున్నది. ఇంకొక్క గంట నడిపితే మోటరు బోర్ల పడ్తది."

"బాబాయ్‌గారూ, మీరైనా చెప్పండి. ఇది ఉంటే బావుందా, తీసేస్తే బావుందా?" అన్నాడు హేమచంద్.

సీతారామారావు గారు చిరునవ్వు నవ్వారు. "రెండూ అద్భుతం, హేమూ."

హేమచంద్‌కు ఆ రోజు అన్నం సయించలేదు. నాలుగు డబ్బాలు, నాలుగు శనివారాలు, నలభై తిట్లు. బావిలో మోటరు దించేవాడికి తన సంగీతం చేతికిచ్చినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఆ కోపంలో ఒక నిర్ణయం తీసుకున్నాడు. మంచి నిర్ణయం కాదు.

ఆదివారం రిసార్టులో అన్నీ సర్దుకున్నాక బాల్‌రాజ్ భోజనానికి వెళ్లాడు. హేమచంద్ స్పీకర్ పెట్టె వెనక వంగి, వైరు మధ్యలో కోరస్ డబ్బా బిగించి, మీద నల్లగుడ్డ కప్పేశాడు. పాట మొదలయ్యాక ఎలాగూ ఆపలేడు, జనం చప్పట్లు కొడితే నోరు మూస్తాడు, ఇదీ ఎత్తు.

నాలుగైంది. నగరం నుంచి వచ్చిన కుటుంబాలు పకోడీలు పట్టుకుని కుర్చీల్లో సర్దుకున్నాయి. ఝాన్సీ కర్రలతో నాలుగు లెక్క కొట్టింది. బాస్ మొదటి స్వరమే వెన్నెలలా పరుచుకుంది. బాల్‌రాజ్ ఉలిక్కిపడ్డాడు గానీ చేతులు ఆగలేదు. హేమచంద్ లోలోపల గెలిచాడు. అప్పుడు సీతారామారావు గారు పాట ఎత్తుకున్నారు.

ఎత్తుకున్న చోటు పాటలో లేదు. బాస్ ఒక దారిలో ఉంటే ఆయన గొంతు పక్క దారిలో ఉంది. సర్దుకోబోయి ఇంకా దూరం వెళ్లారు. ముందు వరసలో ఒకావిడ పకోడీ నోటి దాకా తెచ్చి ఆపేసింది. ఎవరో నవ్వారు. హేమచంద్ తిరిగి చూస్తే సీతారామారావు గారి ముఖంలో నవ్వు లేదు. ఆయన ఉత్తకాలు చెక్కపలక మీద అటూ ఇటూ తడుముతోంది. ఆ వెతుకులాట చూడగానే హేమచంద్ చెయ్యి తీగల మీదే ఆగిపోయింది. చెప్పులు ఎందుకు విప్పుతారో, ఆ పలక బాల్‌రాజ్ ఎందుకు వేశాడో, అన్నీ అద్భుతంగా ఎందుకుంటాయో ఒక్కసారే అర్థమైంది.

బాల్‌రాజ్ వాయించడం ఆపి మైకు దగ్గరికి నడిచాడు. హేమచంద్ తిట్లకు సిద్ధపడ్డాడు.

"జర ఆగున్రి. తప్పు నాది. నా గిటార్ శ్రుతి తప్పింది. పెద్దసారు సక్కగనే పాడుతుండు, నేనే యాడికో పోయిన. మల్ల మొదలువెడ్తం."

ముప్పై ఏళ్లలో బాల్‌రాజ్ నోట 'తప్పు నాది' అన్న మాట విన్నవాళ్లు చేవెళ్లలో లేరు. ఆయన పెట్టె వెనక వంగి, నల్లగుడ్డ తీసి, డబ్బా ఊడబెరికి పనిముట్ల సంచిలో వేసుకున్నాడు. హేమచంద్‌ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే హేమచంద్‌కు ఎక్కువ భయం వేసింది.

రెండోసారి బాస్ మొద్దుగా, మోటుగా, నిటారుగా మోగింది. ఉత్తకాలు పలక మీద కుదురుకుంది. సీతారామారావు గారు కళ్లు మూసుకుని అందుకున్నారు, ఇరవై ఏళ్ల కుర్రాడిలా పాడారు. పకోడీలు చల్లారిపోయాయి. గంట అన్నది గంటన్నర అయింది, రిసార్టు వాళ్లు ప్రతి ఆదివారం రమ్మన్నారు.

సామాన్లు సర్దేటప్పుడు హేమచంద్ జనరేటర్ పక్కన బాల్‌రాజ్‌ను పట్టుకున్నాడు. "అన్నా, బాబాయ్‌గారికి వినపడదా?"

"మెల్లగ మాట్లాడు. సన్న సప్పుళ్లు పోయినయి, లావు సప్పుడు మిగిలింది. చెవుల మిషిన్ పెట్టుకుంటే డ్రమ్ములకు గుయ్యిమంటదట, అందుకని జేబుల పెడ్తడు. నా బాసు కాలి కింద తాకితెనే పాట దొరుకుతది. నేను స్క్రూడ్రైవర్‌తోని వింటలేనా? ఆయన కాలుతోని వింటడు. ఏం తేడా ఉన్నది? అసుంటి మనిషి కాలి కింద నువ్వు ఊగే డబ్బా పెడ్తవా?"

"ఆయనే చెప్పారా నీతో?"

"ఎవరికి చెప్తడు? నేను చూసిన. నేను చూసినట్టు ఆయనకు ఎర్కలేదు. ఎర్క గావద్దు."

"మరి నాకైనా ముందే చెప్పొచ్చుగా, అన్నా."

"చెప్తె ఏం జేస్తవు? నువ్వు మంచోనివి. మంచోళ్లు జాలిపడ్తరు. 'బాబాయ్‌గారూ, మీరు కూసోండి' అంటవు. నలభై ఏండ్లు ఆగిండు ఆయన, ఇంకెన్నడు పాడాలె? నేను కోపిష్టోన్నని ఊరంత తెల్సు. నెపం నా కోపం మీద వెడితె ఎవనికి అనుమానం రాదు."

హేమచంద్ బుర్ర వంచుకున్నాడు. "మరి కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్?"

"అవి నిజంగనే దరిద్రంగున్నయి."

గురువారం ఏదో పని మీద చేవెళ్ల వెళ్లిన హేమచంద్ మధ్యాహ్నం షాపు ముందు ఆగాడు. షట్టరు సగం దించి ఉంది. లోపల కాలిన మోటర్ల మధ్య బాల్‌రాజ్ ఒక్కడే కూర్చుని, కోరస్ డబ్బా కాలి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వాయించుకుంటున్నాడు. బయట తీగ చుట్ట పట్టుకుని నిలబడ్డ ఆయన భార్య రుక్మిణమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "సోమారం సంది గిదే, సారు. అన్నం సల్లారిపోతున్నది. పిలిస్తే తిడ్తడు." హేమచంద్ పిలవలేదు. తలుపు పక్కన నిలబడి పాటంతా విని వెళ్లిపోయాడు.

శనివారం గ్యారేజీలో సీతారామారావు గారు చెప్పులు విప్పుతూ ఆగారు. "హేమూ, ఆ కోరస్ డబ్బా ఏమైందోయ్? మా రోజుల్లో బాస్ అంటే అదే. మళ్లీ పెట్టరాదూ?"

బాల్‌రాజ్ గిటార్ మెడ మీది అట్టముక్కను శ్రద్ధగా సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. ఝాన్సీ కర్రలు పైకెత్తి అలాగే ఆగింది. హేమచంద్ వెంటనే ముఖం చిట్లించి, తల పక్కకు వంచి, వీలైనంత కోపంగా అన్నాడు.

"దాని సంగతి ఎత్తకండి బాబాయ్‌గారూ. బేరింగ్ పోయింది."

"బేరింగ్ గాదు, బుష్" అని కసిరాడు బాల్‌రాజ్. "తెల్వకుంటే నోరు మూసుకోవాలె."

సీతారామారావు గారు ఇద్దరి వైపూ చూసి నవ్వి, చెక్కపలక ఎక్కి, కాళ్లు కుదురుగా ఆనించుకున్నారు.

"అద్భుతం" అన్నారు. "కానివ్వండి."