చుక్కినుము సారె

మాఘమాసంలో ఓ బుధవారం పొద్దున్న, ముక్తేశ్వరంలో సత్యనారాయణమ్మగారి ఫోను అరిసెల పాకంలో పడింది. పడే సమయానికి పాకం ఇంకా ఉండకి రాలేదు. ఆవిడ ఒకే ఒక్క కేక పెట్టి, చిల్లులగరిటెతో ఫోను దేవి, అరిటాకు మీద పెట్టి తడిగుడ్డతో తుడిచేరు. రెక్సీను కవరు పుణ్యమా అని ఫోను బతికింది. పాకమూ చెడలేదు. ఎందుకైనా మంచిదని ఆ వాయి అరిసెలు మాత్రం పెళ్ళివారికి పంపకుండా ఇంట్లోవాళ్ళకి ఉంచేరు.

చిక్కల్లా ఆ ఫోనులో ఆట నడుస్తూ, మైకు ఆన్‌లో ఉండడం. "ఓరి నీ కడుపు మాడా!" అన్న ఆవిడ కేక రాజోల్లోనూ, అమలాపురంలోనూ, కువైట్‌లోనూ ఒక్కసారే వినబడింది. సరిగ్గా అప్పుడే లంకదండు సభ్యులందరూ ఊపిరి బిగబట్టుకుని, ఒక గుహలో నిద్రపోతున్న మహానాగు పక్కనించి నడుస్తున్నారు. దండునాయకుడు ఫిలిప్ మాస్టారు ఉలిక్కిపడి నొక్కకూడనిదేదో నొక్కేరు. నాగు లేచింది. ఏడుగురు చచ్చిపోయేరు.

"ఆంటీ, మీకేం కాలేదు కదండీ?" అని అడిగింది పింకీ. చచ్చిపోయినవాళ్ళలో ఆ అమ్మాయీ ఒకర్తి.

"నాకేం కాలేదమ్మా, కాస్త బెల్లం అంటుకుంది. మీరు మళ్ళీ పుట్టండి, నేనీ వాయి తీసేసి వస్తాను" అన్నారావిడ.

సత్యనారాయణమ్మగారి పని సారె వంటలు. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళే పిల్ల వెంట కావిళ్ళకెత్తి పంపే లడ్డూలు, అరిసెలు, గోరుమిటీలు, కాజాలు, చలిమిడి, ఇవన్నీ ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళకి ఆవిడ పెరట్లో పొయ్యిల మీదే తయారవుతాయి. ఏ ఊరివాళ్ళు ఏది తక్కువైతే మూతి ముడుస్తారో ఆవిడకి కంఠతా వచ్చు. ఇన్నేళ్ళలో ఎంతమంది ఆడపిల్లల సారె ఆ గుమ్మం దాటిందో చెప్పలేం గాని, ఆవిడ సొంత సారె మాత్రం ఒక్కటీ దాటలేదు. ఇద్దరూ కొడుకులే. కోడళ్ళ సారెలు ఆవిడ అందుకున్నారు, పంచేరు, వంక పెట్టవలసినచోట మర్యాదకి ఓ వంక పెట్టేరు. పంపే యోగం మాత్రం లేకపోయింది.

ఇహ ఆ ఫోనులో ఆట సంగతి. ఆవిడ అక్కగారి కొడుకు నాగేంద్రబాబు కువైట్‌లో కారు డ్రైవరు. షేకుగారి ఇంటివాళ్ళు మాల్లోకి వెళ్తే, వాళ్ళు వచ్చేదాకా బయట కారులో కూచోవడమే అతని ఉద్యోగంలో సగం. "ఫోనులో ఎంతసేపని 'తిన్నావా, తిన్నాను' అనుకుంటాం పిన్నీ? ఇందులోకి వచ్చెయ్యి, తవ్వుకుంటూ మాట్లాడుకోవచ్చు" అని అతనే ఆవిణ్ణి ఆటలోకి దింపేడు. ఆటకి ఇంగ్లీషులో ఏదో పేరుంది. నోరు తిరక్క ఆవిడ లోహలోకం అన్నారు. అందరికీ అదే అలవాటైపోయింది.

అక్కడి లోహాలకీ పేర్లు ఆవిడ పెట్టినవే. నీడవెండి అని ఒకటుంది, దాంతో కత్తి చేస్తే ఆ కత్తికి నీడ పడదు. పిడుగిత్తడి వాన రాబోతుంటే దానంతటదే గణగణలాడుతుంది. మంచురాగి నిప్పుల్లో పెడితే గడ్డకడుతుంది, నీళ్ళలో వేస్తే కరుగుతుంది. అది పోత పొయ్యాలంటే మెడలోతు నీళ్ళలో నించోవాలి. వీటన్నిటినీ తలదన్నేది చుక్కినుము. ఆకాశంలోంచి చుక్క రాలినచోట తప్ప దొరకదు. దొరికినా, పసిపిల్ల తల దువ్వినంత నెమ్మదిగా తవ్వాలి, తొందరపడితే మట్టయిపోతుంది. దాని గుణమేమిటంటే, తవ్వినవాడి పేరు మరిచిపోదు. ముక్క మీద వేలు పెట్టేరంటే సన్నటి గొంతుతో ఆ పేరు చెప్తుంది. ఎన్ని చేతులు మారినా, ఎన్నిసార్లు కరిగించినా అదే పేరు.

లంకదండు వానాకాలం నించీ చుక్కినుము కూడబెడుతోంది. కోట తలుపుకి దాంతో తాపడం చేయించాలని. ఎందుకంటే చించినాడ వంతెన అవతల, పాలకొల్లు వైపు వాళ్ళది సింహబలం అని ఇంకో దండుంది. దానికి నాయకుడు భాస్కర్ అని, ట్రాక్టరు స్పేర్‌పార్టులు అమ్ముకునే మనిషి. పై ఆదివారం మీ కోట కొడతాం అని అతను చాటింపు కూడా వేయించేడు. పోగైన చుక్కినుములో పెద్ద వాటా నాగేంద్రబాబుది. కారు ఏసీలో కూచుని, ఎండలో మెరిసే ఆ మాలు అద్దాలకేసి చూడకుండా తవ్విన ఇనుమంతా అతనిదే.

ఖజానా తాళం మాత్రం సత్యనారాయణమ్మగారి దగ్గరుండేది. ఆవిణ్ణి అందరూ నమ్ముతారని ఫిలిప్ మాస్టారు అనేవారు గాని, అసలు కారణం ఆవిడెప్పుడూ ఇంట్లోనే ఉంటారు.

అలా ఉండగా పింకీ పెళ్ళి చేసుకుంది. ఆటలోనే లెండి. అమలాపురంలో ఓ ఆస్పత్రిలో నర్సు ఆ అమ్మాయి. లోహలోకంలో పెళ్ళి చేసుకుంటే తెల్లగుర్రం ఇస్తారు. ఆ గుర్రం మీద మనసై, సింహబలంలో ఎవరో ఖాళీగా ఉన్న కుర్రాణ్ణి చూసి చేసేసుకుంది. వాడి అసలు పేరేమిటో తనకి తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. కాని పెళ్ళయితే పిల్ల అవతలి కోటకి మారిపోవాలని ఆటలో నియమం.

"ఆంటీ, గుర్రం రాగానే విడాకులిచ్చి వచ్చేస్తానండీ" అంది.

"తప్పు, అలా అనకు!" అన్నారు సత్యనారాయణమ్మగారు. "పిల్లా, వెళ్తున్నావు సరే, వెంట ఏం పట్టుకెళ్తున్నావు?"

"ఏముందండీ, ఓ కత్తి ఉంది."

ఒక కత్తి! ఆవిడకి ఆ పూట పెసరట్టు సయించలేదు. ఆడపిల్ల ఒట్టి చేతులతో, అదీ ఒక కత్తి పుచ్చుకుని అత్తారింట్లో అడుగు పెడుతుందా? అవతల పాలకొల్లు వాళ్ళు. కోనసీమ పిల్ల ఇలా వచ్చిందని జీవితాంతం చెప్పుకోరూ?

శుక్రవారం లక్ష్మి ఇల్లు దాటకూడదు. శనివారం ఇనుము ఇవ్వకూడదు. అంచేత గురువారమే మంచిదనుకున్నారు. పసుపు లేదు గనక కొలిమి సామానులోంచి గంధకం తీసేరు, కుంకానికి ఎర్రటి ఇంగిలీకం. చలిమిడి లేనిదే సారె ఏమిటని తెల్లబంకమట్టి ముద్దలు చేసేరు. నీడవెండి ఒక కావిడి, పిడుగిత్తడి ఒక కావిడి. ఇంకా వెలితిగానే కనబడింది. ముప్ఫయ్యేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరి సారెలూ సర్దిన చెయ్యి, తనదంటూ మొదటి సారె సర్దుతుంటే ఆగుతుందా? చుక్కినుము మొత్తం ఎత్తేసేరు. ఆటలో గాడిదలుంటాయి, వాటి మీద వేసి సింహబలం కోటకి తోలి, కళ్ళొత్తుకుని, పొయ్యి మీద బూందీ దింపుకున్నారు.

సాయంత్రం ఫిలిప్ మాస్టారు తలుపు తాపడానికని ఖజానా తెరిచేరు. రాజోల్లో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, గొంతెత్తడం ఎరగరు. అప్పుడూ ఎత్తలేదు.

"సత్యనారాయణమ్మగారండీ, ఇనుము ఏదండీ?"

"సారె పంపేనండి."

పక్కనే మంచం మీద పడుకున్న ఆవిడ భర్త సూర్యనారాయణగారు లేచి కూచున్నారు. "ఏమే సత్యం, లడ్డూ సారె చూశాను, పాడి గేదెతో సారె చూశాను. ఇనప సారె పెట్టింది నువ్వేనే!"

"మీరూరుకోండి."

"శనివారం కాకుండా చూసుకున్నావా?"

"చూసుకున్నానండీ!"

"అయితే దోషం లేదు" అని ఆయన మళ్ళీ పడుకున్నారు.

మాస్టారికది సరిపోలేదు. "అమ్మగారూ, పొరపాట్న వచ్చిందని భాస్కర్‌కి ఒక్క మాట చెప్పండి. మనిషి మంచాడే, తిరిగిచ్చేస్తాడు. ఆదివారానికి తలుపుండాలండి."

"సారె వెనక్కి అడిగిన ఇల్లు ఎక్కడన్నా ఉందా మాస్టారూ? పిల్లకి అక్కడ ముఖం ఉంటుందా?"

"ఆ పిల్ల గుర్రం కోసం వెళ్ళిందండీ!"

"దేనికోసం వెళ్ళినా వెళ్ళింది కదండీ."

అప్పుడు నాగేంద్రబాబు అన్నాడు, చాలా నెమ్మదిగా, "పిన్నీ, నాకొక్క మాట చెప్పవలసింది." అంతే. మైకు ఆపేసేడు.

ఆవిడకి పాకం చేతి మీద పడ్డట్టయింది. నిజమే, ఆ ఇనుము అతనిది. తనది కాని దాన్ని తన చేత్తో దానం చేసేసి మురిసిపోయేరు. తాళం తీసి మాస్టారికిచ్చేసేరు. మాస్టారు ఇబ్బందిపడుతూ పుచ్చుకుని నాగేంద్రబాబుకి పంపేరు. వెనక్కి అడగమంటే మాత్రం ఆవిడ అడగనన్నారు. తాళం పోతే పోయింది, దండులోంచి పొమ్మంటే పోతారు. కాని పోతే సాయంకాలాలు ఆ పిల్లాడితో మాటలుండవు.

శుక్రవారం నాగేంద్రబాబుకి సెలవు. మామూలుగా పొద్దున్నించీ ఆటలో ఇనుము తవ్వే గొయ్యిలోనే ఉంటాడు. ఆ శుక్రవారం రాలేదు. ఆవిడ ఒక చేత్తో జంతికలు వత్తుతూ, ఇంకో చేత్తో చుక్కలు రాలిన చోటల్లా ఒక్కరే తవ్వేరు. తొందరపడ్డారు. అంతా మట్టయింది. శనివారమూ అతను రాలేదు. ఫోను చేద్దామని పేరు దాకా వెళ్ళి, ఏమని అడగను, 'తిన్నావా' అని అడగనా అనుకుని మానేసేరు.

"ఆ గుంపులోంచి వచ్చెయ్యరాదూ, ఈ బెంగెందుకు?" అన్నారు సూర్యనారాయణగారు, ఈసారి ఎగతాళి లేకుండా.

"ఆదివారం అవనివ్వండి. కోట పోతే నా ఎదరే పోవాలి. తప్పు నాది" అన్నారావిడ.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలవేళ దాటాక లంకదండు కోట ముందు గుమిగూడింది. చెక్క తలుపు. తలుపు వెనక బల్లలూ, బండలూ. మాస్టారు ఎవరెక్కడ నించోవాలో చెప్తున్నారు. నాగేంద్రబాబూ వచ్చేడు గాని పలకలేదు. సత్యనారాయణమ్మగారు గోడవార నించున్నారు, చేతిలో ఓ గునపం తప్ప ఏం లేదు.

దూరంగా దుమ్ము లేచింది. చూడబోతే అది ఒక్క గుర్రం దుమ్ము. దాని మీద భాస్కర్ ఒక్కడే.

"ఎవరండీ లోపల?" అని కేకేసేడు.

"యుద్ధానికొచ్చి ఎవరండీ అంటారేమిటండీ?" అన్నారు మాస్టారు.

"యుద్ధమెక్కడదండీ! నేను దెబ్బలాడ్డానికి రాలేదు, మొత్తుకోడానికొచ్చేను. సారె పంపినావిడెవరండీ?"

"ఆయ్, నేనేనండి" అన్నారావిడ, గునపం కింద పెట్టి.

"అమ్మా, దండం! ఆ ఇనుము చూసి, కత్తులు చేయించి మీ తలుపు చీల్చేద్దామనుకున్నానండి. ఇంతలో మా అమ్మ చూసింది. 'సారె వస్తే ఊరందరికీ పంచకుండా బీరువాలో దాస్తావా, అప్రదిష్ట!' అని ఫోను లాక్కుని మా దండులో ఇంటికో ముక్క పంచేసింది. ఒక్క ముక్కతో కత్తి కాదు గదండీ, గుండుసూదీ అవదు. మావాళ్ళు ముక్కుపుడకలు చేయించుకున్నారు, మగాళ్ళతో సహా! పోనీ ఇవాళ దండెత్తుదాం రండ్రా అంటే, 'మొన్నే వాళ్ళ సారె పుచ్చుకుని ఇవాళ వాళ్ళ తలుపు బద్దలు కొడతామా, మనుషులం కామా' అని ఒక్కడంటే ఒక్కడు కదల్లేదండి!"

కోట మీదనించి పకపకా నవ్వు వినబడింది. నాగేంద్రబాబు నవ్వు. ఆ నవ్వు విని సత్యనారాయణమ్మగారు పొయ్యి కట్టేసి పీట మీద కూలబడ్డారు.

"పిన్నీ, నేను శుక్రవారం ఎక్కడున్నానో తెల్సా?" అన్నాడతను. "వాళ్ళ ముక్కుపుడకలన్నీ నా పేరు చెప్తున్నాయంట. వాళ్ళ దండులో పాలకొల్లతను ఒకడు, సాలమోనని, ఇక్కడ మా వెనక వీధిలోనే ఏసీ మెకానిక్కు. 'ఇనుము తవ్విన నాగేంద్రబాబు నువ్వేనా, మన పక్కోడివేనా' అని పింకీ దగ్గర నా నెంబరు పుచ్చుకుని, ఫోన్ చేసి మరీ తీసుకెళ్ళేడు. బిర్యానీ వండేడు, పదిమంది మనవాళ్ళున్నారు. నాలుగేళ్ళయింది వచ్చి, ఒక శుక్రవారం ఫోను లేకుండా గడవడం ఇదే మొదటిసారి. నిన్న డ్యూటీ అయ్యేక వాళ్ళతో చేపలకెళ్ళేను. నీ మీద కోపం వచ్చింది, కాదన్ను. చెప్పకుండా ఇచ్చేసేవు. అడిగుంటే నేనే ఇచ్చేవాణ్ణి."

"తప్పేరా నాయనా" అన్నారావిడ.

"సర్లే. ఇదిగో తాళం, నువ్వే ఉంచు. మాస్టారూ, ఏమంటారు?"

మాస్టారు నిట్టూర్చేరు. "ఖజానాలో ఏముందని తాళానికి భయపడ్డం? ఉంచండమ్మా."

బయట భాస్కర్‌కి ఓపిక అయిపోయింది. "మీలో మీరు మాట్లాడుకోడం కాదండీ, నా సంగతేమిటి? పంచగా పంచగా చివర్లో నా వరకు వచ్చేసరికి ఒక్క ముక్క మిగల్లేదండి! నాయకుణ్ణి, నాకే లేదు!"

"అయ్యయ్యో, చాల్లేదన్నమాట! ఏమనుకోకండి బాబూ, సీమంతానికి ఇంకో నాలుగు కావిళ్ళు ఎక్కువే పంపిస్తాను" అన్నారు సత్యనారాయణమ్మగారు.