కందూరులో కొర్రన్నం డబ్బా

డేక్సా నిండా పొట్టేలు పలావు పొగలు కక్కుతూ ఉంది. జనమంతా విస్తర్ల ముందు కూర్చుని, ఒక్క మెతుకూ ముట్టకుండా ఒకే ఒక్కడి ముఖం చూస్తున్నారు. ఆ ఒక్కడు మాత్రం వేపచెట్టు కింద కూర్చుని వాళ్లకు కొవ్వు మీద ఉపన్యాసం ఇస్తున్నాడు. ఇటువంటి దృశ్యం మీరు చూసి ఉండరు, ఎందుకంటే ఆ ఘనకార్యం చేసినవాడు మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఇప్పటికి ఒక్కడే. ఆ ఒక్కడూ నేనే. చెప్పుకుంటే పరువు పోతుంది. కానీ నేను చెప్పకపోతే నాతో చదువుకున్న మాబు చెప్తాడు, వాడు చెప్తే ఉన్నదానికి రెండింతలు కలుపుతాడు. అందుకని నేనే చెప్పేస్తున్నాను.

కొన్నేళ్ల కిందటి మాట. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో నాది కుర్చీ ఉద్యోగం. పొద్దున బొరుగుల ఉగ్గాని, దానిమీదికి మిరపకాయ బజ్జీలు తిని కుర్చీలో కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం అన్నానికే లేచేవాణ్ని. కుర్చీ అలాగే ఉండేది, నేను మాత్రం పెరుగుతూ పోయాను. ఒకరోజు కళ్లు తిరిగితే మా ఆవిడ సుజాత డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. ఆయన రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గడప దాకా వచ్చి నిలబడింది. లోపలికి రానిస్తారో, అట్నుంచటే పంపిస్తారో మీ ఇష్టం" అన్నాడు.

బుద్ధిమంతుడైతే ఏం చేస్తాడు? నోరు మూసుకుని తిండి తగ్గిస్తాడు. నేను తిండి తగ్గించి నోరు తెరిచాను. ఫోన్లో వచ్చే ఆరోగ్య సలహాలన్నీ చదివేసి, కొర్రలు, అరికెలు, సామలు సంచుల్లో తెచ్చి ఇంట్లో పోశాను. పొద్దున్నే కాలవ గట్టు మీద నడక, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి జొన్నరొట్టె ముక్క. ఇంతవరకూ బాగానే ఉంది. దీనికి తోడు ఎవరు ఏం తింటున్నా పక్కన నిలబడి, అది కడుపులోకి పోయి ఏమేం చేస్తుందో వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. ఆఫీసులో నేను వస్తుంటే టిఫిను డబ్బాల మూతలు పడిపోయేవి. ఇంట్లో సుజాత ఒకరోజు చెప్పనే చెప్పింది: "నువ్వు కొర్రలు తినేదానితో నాకేం కష్టం లేదు. కొర్రల గురించి మాట్లాడతావే, దాంతోనే తలనొప్పి."

ఆ ఏడాది నేను పోగొట్టుకున్న భోజనాలు తలుచుకుంటే ఇప్పటికీ నోరూరి, వెంటనే దిగులేస్తుంది. పీర్ల పండక్కి పక్కింటి వాళ్లు గిన్నెలో మలీదా పంపిస్తే మూత కూడా తియ్యకుండా వెనక్కి పంపాను. రొట్టె చిదిమి బెల్లం కలిపిన ఆ వాసన మాత్రం మూత సందులోంచి వచ్చి రోజంతా ఇంట్లోనే తిరిగింది. రంజాన్‌కు వాళ్లింటి షీర్‌ఖుర్మా సుజాత ఒక్కతే తాగింది, అదీ నాకెదురుగా, చప్పుడు చేస్తూ. చలికాలంలో చేలగట్టున పచ్చిజొన్న కంకులు కాల్చి, అరచేతుల్లో నలిపి తినే ఊచబియ్యం కూడా అనుమానంతో వదిలేశాను. అది అసలు మానక్కర్లేదని తర్వాత తెలిసింది. అప్పటికి కోతలైపోయాయి.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఆళ్లగడ్డలో జరిగింది. అక్కడ మా మేనత్త ఉంది. హైస్కూలు చదువంతా ఆమె ఇంట్లో ఉండే చదివాను. పేరుకు మేనత్త, నన్ను సాకిన తీరు మాత్రం కన్నతల్లిదే. ఆమె చేసే బొబ్బట్లు, మా మాటలో ఓళిగలు, తినని ఉగాది నా జీవితంలో లేదు. పెనం మీది నుంచి తీసి, నెయ్యి పోసి, "వేడి మీదే తినల్ల" అని ఆమె నా పక్కనే కూర్చునేది. ఆమె నోరెప్పుడూ ఆకువక్కతో ఎర్రగా ఉండేది. నడుముకు దోపుకున్న వక్కాకు తిత్తి లేకుండా మా అత్తను నేను చూసింది లేదు.

మా మామ కూడా తిండిపుష్టి ఉన్న మనిషే. ఆయనకు షుగరు వచ్చింది, ముందు వేలికి పుండు లేచింది, తర్వాత కాలు తీసేశారు, మరుసటేడు మనిషే పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో షుగరు అనే మాట ఎవరూ ఎత్తరు. నా రక్తపరీక్ష సంగతి సుజాత ఫోన్లో చెప్పినప్పుడు మా అత్త "కాళ్లు చూసుకోమను" అని మాత్రం అని పెట్టేసిందట. ఇది విన్న నేను ఏమనుకున్నానో తెలుసా? మా అత్తకు ఆరోగ్య విషయాల మీద అవగాహన తక్కువ, వెళ్లి చెప్పి రావాలి అనుకున్నాను.

అలా ఉగాదికి కొర్రన్నం డబ్బా చంకన పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. మా అత్త ఓళిగ పళ్లెంలో పెట్టింది. నేను పళ్లెం పక్కకు జరిపి డబ్బా తెరిచాను.

"ఇది కొర్రబువ్వ కదరా. మా నాయన కాలంలో గతిల్యాక తింటిమి. నీకేమొచ్చెరా గతిల్యాక?"

"అత్తా, ఆ ఓళిగలో మైదా, బెల్లం, నెయ్యి ఉండాయి. ఆరోగ్యానికి మూడూ శత్రువులే" అని మొదలుపెట్టి, ఆకువక్క దాకా వచ్చి, అది పళ్లకూ కడుపుకూ ఎంత చేటో కూడా పూర్తిచేశాను. ఆమె ఓళిగ తీసి మూత కింద పెట్టింది. అప్పుడు గమనించాను, ఆమె నోరు ఎర్రగా లేదు. నడుముకు తిత్తి ఉంది కానీ మూతి ముడేసి ఉంది. నేను నోరు తెరవకముందే మానేసిందంటే, నా సలహాలు సుజాత ఫోన్ల ద్వారా ఈమెదాకా చేరి పనిచేశాయన్నమాట. నంద్యాలకు తిరిగొస్తూ బస్సులో పక్క సీటాయనకు ఈ విజయగాథే చెప్పాను. పాపం, ఆయన మధ్యలోనే దిగిపోయాడు. అది ఆయన ఊరు కాదేమోనని ఇప్పుడు అనుమానం.

ఎండలు ముదిరాక మళ్లీ పరీక్ష చేయిస్తే షుగరు గడప దిగి వీధిలోకి పోయింది. డాక్టరు భుజం తట్టాడు. నేను వెంటనే మా అత్తకు ఫోన్ చేసి నా పట్టుదల గురించి వర్ణించి చెప్పాను. అంతా విని ఆమె, "వచ్చే బేస్తవారం కందూరు చేస్తాండా. నువ్వూ సుజాతా రావాల" అంది. ఎందుకని అడిగితే, "వచ్చినాక తెలుస్తాదిలే" అని పెట్టేసింది.

కందూరంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. మా వైపు హిందువులైనా ముస్లిములైనా దర్గాకు మొక్కుకుంటారు. మొక్కు తీరాక పొట్టేలును తీసుకుపోయి, దర్గా దగ్గరే వండించి, దర్గా సేవ చూసే ముజావరు చేత ఫాతెహా చదివింపులు చేయించి, వచ్చినవాళ్లందరికీ అక్కడే పెడతారు. అక్కడికి చేరిన తిండి ఇంటికి తిరిగి రాకూడదు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరి పేరున మొక్కారో వాళ్లే మొదటి ముద్ద తినాలి. వాళ్లు తినందే మొక్కుకున్నవాళ్లు పచ్చి నీళ్లు ముట్టరు, వచ్చినవాళ్లు విస్తట్లో చెయ్యి పెట్టరు. ఈ పద్ధతులన్నీ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలియనిదల్లా ఆ రోజు కందూరు ఎవరి పేరున అన్నదే.

మీకు అప్పుడే అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. చలికాలంలో మా అత్త బర్రెకు జబ్బు చేసి బాగైంది. ఈ కందూరు ఆ బర్రె కోసమేనని తీర్మానించుకున్నాను. బర్రె పేరున మొక్కితే మొదటి ముద్ద ఎవరు తినాలన్న ప్రశ్న, అంత చదువు చదివిన నా బుర్రకు తట్టనే లేదు. డబ్బా తీసుకుపోవద్దని సుజాత తలుపు దగ్గర నిలబడి మరీ చెప్పింది. కారణం మాత్రం చెప్పలేదు, మొక్కు తీరకముందు బయటపెట్టకూడదని మా అత్త ఆమె చేత ఒట్టేయించుకుందట. నేను డబ్బాకు ఇంకో గుడ్డ చుట్టి తీసుకుపోయాను.

దర్గా ముందు పెద్ద పందిరి. వంట మా మాబుది. వాడు నాతో హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, ఇప్పుడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ పెళ్లికైనా పలావు వాడే వండాలి. మేము పోయేసరికి చదివింపులు అయిపోయాయి. ముసలి ముజావరు సాంబ్రాణి పొగలోంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, చదివించిన చక్కెర చిటికెడు నా చేతిలో పెట్టబోయాడు.

"నాకు షుగరుండె సామీ, ఈ నడుమనే తగ్గింది. వేరేవాళ్లకు ఇయ్యండి" అన్నాను, చెయ్యి వెనక్కు లాక్కుని.

ఆయన నావైపు చూసి, మా అత్తవైపు చూసి, ఆ చక్కెరను అలాగే పిడికిట్లో పెట్టుకున్నాడు. నా విస్తట్లో మాబు అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ వడ్డించాడు. నేను విస్తరి పక్కకు జరిపి, పందిరి పక్కనున్న వేపచెట్టు మొదట్లో కూర్చుని, గుడ్డ విప్పి డబ్బా మూత తీశాను. పందిట్లో తలలన్నీ నావైపు తిరిగాయి. మా అత్త మెల్లగా, "మొదులుపెట్టు నాయనా" అంది. "మీరు కానీండత్తా, నా పత్యం నాకుండాది" అన్నాను. ఇంకెవరో పెద్దాయన, నువ్వు తింటే మేము తింటామప్పా అన్నాడు. మర్యాదస్తులు, నంద్యాల నుంచి వచ్చానని గౌరవిస్తున్నారు అనుకున్నాను. ఇంత గౌరవించినవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పకపోతే బాగుండదని, పొట్టేలు కొవ్వు రక్తనాళాల్లోకి ఎలా పోతుందో మొదలుపెట్టాను.

చెప్తూ చెప్తూ చూశాను. ఒక్కరూ తినడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. పలావు చల్లారుతోంది, పైన నెయ్యి పేరుకుంటోంది, అయినా ఒక్క చెయ్యీ కదలలేదు. ఇన్నాళ్లూ ఆఫీసులో, ఇంట్లో ఎవరూ వినని మాట ఇక్కడ పొలం పని చేసుకునే జనం విన్నారు. నిజం చెప్తున్నాను, నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక చంటిపాప ఆకలికి ఏడుస్తుంటే, పిల్లలకు అర్థం కావడానికి కాస్త టైము పడుతుందని కూడా అన్నాను. మా అత్త గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఎండకు అనుకున్నాను.

చివరికి మాబు గరిటె పట్టుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"రే చంద్రా, తింటావా, కట్టేసి తినిపీయాల్నా?"

"నేను తినేది ముఖ్యం కాదు మాబూ. చూడు, నా మాట విని ఒక్కరన్నా ముట్టినారా?"

"ఎట్ల ముడతారురా? కందూరు నీ పేరున. నీ షుగరు తగ్గాలని మీ అత్త మొక్కుకున్యాది. పొద్దున్నుంచి ఆమె గుక్కెడు నీళ్లు తాగలే. నువ్వు ఈడ కూసోని కొవ్వు కథ చెప్తాండావ్."

"నా పేరునా?" అన్నాను. "బర్రె పేరున కాదా?"

పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, తర్వాత నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. నవ్వనిది మా అత్త ఒక్కతే. "వానికి చెప్పొద్దంటి కదరా మాబూ, మొక్కు చెడుతుందేమో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతులో భయం విన్నాక నాకు భూమిలోకి పోవాలనిపించింది. ముజావరు నవ్వుతూ, "మొక్కింది నువ్వు, చెప్పింది వాడు. ఏం చెడదులేమ్మా, పిల్లోణ్ని తిననీ" అని పిడికిలి విప్పాడు. చక్కెర చెమటకు ముద్దయిపోయి ఉంది. రెండు చేతులూ చాపి తీసుకుని నోట్లో వేసుకున్నాను.

తర్వాత మొదటి ముద్ద. చల్లారిన పలావు అంత రుచిగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. హైస్కూలు రోజుల్లో ఇదే దర్గా దగ్గర మామ పక్కన కూర్చుని తిన్న కందూరు గుర్తొచ్చింది. ఆయన తన విస్తట్లోని మూలగ ఎముక నాకు వేసేవాడు. ముద్ద మింగాను. పందిట్లో చేతులన్నీ ఒక్కసారిగా విస్తర్లలోకి దిగాయి.

మా అత్త చెంబెడు నీళ్లు తాగి, నా దగ్గరికి వచ్చి కూర్చుంది. "ఆ కొర్రబువ్వ ఇట్ల తే. ఈడికొచ్చిన తిండి ఇంటికి పోగూడదు" అని డబ్బా లాక్కుని, పొట్టేలు పులుసు పోసుకుని కలిపింది. ఒక ముద్ద తిని, "పులుసు పడితే ఇదీ బాగుండాది రా" అంది. ఏడాదంతా ఆ సంగతి నాకు తోచనే లేదు.

తిన్నాక ఆమె నడుమునుంచి తిత్తి తీసి, ముడి విప్పి, ఆకుకు సున్నం రాసింది.

"అదేందత్తా, నా మాట విని మానేసినావనుకుంటినే."

"నీ మాట ఎవరు విన్యారు నాయనా? నీకు తగ్గేదాకా ఆకు ముట్టనని మొక్కుకుంటి." ఆకు మడిచి బుగ్గన పెట్టుకుని, దర్గా వైపు చూస్తూ అంది: "మీ మామప్పుడు నాకు తోచలే. కాలు తీసేసినాక తోచింది."

నేను ఏమీ అనలేదు. ఏడాది తర్వాత నేను నోరు మూసుకున్న మొదటి సందర్భం అదేనని సుజాత ఇప్పటికీ చెప్తుంది.

అప్పటినుంచి ప్రతి ఏడూ కందూరు ఉంది. ముందు పరీక్ష, షుగరు అదుపులో ఉంటేనే పొట్టేలు, ఇది మా అత్త చట్టం. ఆ ఒక్క పూట పలావు కోసం ఏడాదంతా కొర్రలు తింటున్నాను, మధ్యమధ్యలో పులుసు పోసుకుని. ఉగాదికి ఒక్క ఓళిగ ఉంది. కందూరులో విస్తట్లో పలావు వేస్తూ మాబు మాత్రం, "ముందు గడ్డి ఏమన్నా తిన్యావా?" అని అడగందే గరిటె వంచడు.

కాబట్టి, మా అత్త వక్కాకు తిత్తి మీద చెయ్యి పెట్టి, ఇది చదివిన వాళ్లందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నా ఎదుట పదిమంది తినకుండా కూర్చుంటే అది నా వాక్చాతుర్యం అని ఈ జన్మలో ఇంకెప్పుడూ అనుకోను. మొదటి ముద్ద తిని, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. మా అత్త ఏ మొక్కు మొక్కినా అది నాకోసమేనని నమ్ముతాను, బర్రె వచ్చి పక్క విస్తట్లో కూర్చున్నా సరే.