రాజలింగం సారు పచ్చ చాయ్

"సారు పోయిండట, మీకెర్కేనా?" అని హనుమకొండ బస్టాండులో ఒక పాత విద్యార్థి అడిగినప్పుడు, ఏ సారు అని నేను అడగలేదు. మా కళాశాలలో ముప్పయ్యేళ్లు నేతశాస్త్రం బోధించిన వేముల రాజలింగం గారిని పేరుతో పనిలేకుండా 'సారు' అనడమే మా అందరి వాడుక. తొర్రూరు బస్సు ఎక్కవలసినవాణ్ణి సిమెంటు బల్ల మీద కూలబడ్డాను. ఆ పుణ్యమూర్తికి నేను శిష్యుణ్ణి, తరువాత సహోద్యోగిని. అయినా కడసారి చూపుకు వెళ్లడానికి కాళ్లు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పకుండా ఆయన గుణగణాలు కీర్తిస్తే అది నివాళి కాదు, నటన.

డెబ్బయ్యవ దశకం మొదట్లో సారు మగ్గాల శిక్షణకు జపాను వెళ్లి పది నెలలు ఉన్నారు. జపాను పోయినవాడు ట్రాన్సిస్టరో గడియారమో తేవాలి కదా! సారు పెట్టెలోంచి ఒక నల్లని మట్టి గిన్నె, వెదురు కుంచె, వెదురు చెంచా, పచ్చని పొడి నిండిన డబ్బా బయటపడ్డాయి. "గింత దూరం పోయి మట్టి చిప్ప తెచ్చుకున్నవా రాజలింగం?" అని పక్కింటి పెద్దాయన అడిగితే సారు నవ్వి ఊరుకున్నారు. అక్కడ ఆయన బస చేసిన ఇంటి ముసలమ్మ ఆ విద్య నేర్పిందట. ఏడాదికోసారి ఆవిడే పోస్టులో పొడి పంపేది. నీడన పెంచి, ఆవిరి పట్టి, తిరగలిలో మెత్తగా విసిరిన తేయాకు అది. జపాను వాళ్లు మాచా అంటారు. సారు పచ్చ చాయ్ అనేవారు.

ఆదివారం పొద్దున ఆ ఇంటికి వెళ్లడం నాకు ఆరేళ్ల అలవాటు. చాప మీద ఎదురుగా కూర్చోబెట్టి ముందు ఒక పల్లీపట్టి ముక్క చేతిలో పెట్టేవారు. కిరోసిన్ స్టవ్ మీది నీళ్లు మసలకముందే దించేవారు. "మసిలిన నీళ్లు పోస్తే ఆకు ఉడుకుతదిరా. మనం తాగేది చాయ్, కషాయం గాదు" అనేవారు. వేడినీళ్లతో గిన్నె కడిగి, తుడిచి, జల్లించిన పొడి రెండు చెంచాలు వేసి, నీళ్లు పోసి, కుంచెతో ముందుకూ వెనక్కూ కొట్టేవారు. భుజం కదలదు, మణికట్టు ఒక్కటే ఆడుతుంది. మగ్గం మీద నాడె విసిరిన నేతగాని చెయ్యి మరి! పాలు లేవు, చక్కెర లేదు. మొదటిసారి నా ముఖం చూసి, "యాపపసరు లెక్కున్నదా? మూడుసార్లు తాగినంక మాట్లాడు" అన్నారు. మూడోసారికి నేనే అడిగి తాగాను.

ఒకసారి కుంచె పుల్లలు విరిగిపోతే సారు దాన్ని బుట్టలల్లే మేదరి కొమురయ్య దగ్గరికి పట్టుకెళ్లారు. అతను అటూఇటూ తిప్పి చూసి, "ఒక్క బొంగును ఇన్ని పుల్లలు చీల్చిండంటే ఆడు మా మేదరోడే సారూ" అన్నాడు. అలాంటిదే చెయ్యబోయి రెండు చెడగొట్టి మూడోది నిలబెట్టాడు. సారు అతణ్ణి నా పక్కనే అదే చాప మీద కూర్చోబెట్టి, అదే గిన్నెలో చాయ్ ఇచ్చారు. కులానికో గిన్నె పెట్టే ఇల్లు కాదది.

ఇక మా ఊరి విజ్ఞత. పచ్చని పొడి, గిన్నె, కుంచె, మాటామంతీ లేకుండా తాగే మనిషి. కిటికీలోంచి తొంగిచూసిన మా ఆఫీసు గుమాస్తాకు హోలీనాటి భంగు తప్ప మరొకటి తోచలేదు. "సారు ఇంట్ల భంగు నూరుతాండు" అన్నాడు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలు పదవి ఖాళీ అయింది. అర్హతలో సారును మించినవారు లేరు. కానీ గోరంతను కొండంత చేసేవారికి కొదవా?

కళాశాల పాలక కమిటీ సారును పిలిచి, ఇంట్లో తాగేదేమిటని అడిగింది. "చాయ్" అన్నారాయన. "పాలు లేవు, చక్కెర లేదు, గదేం చాయ్ సారూ?" అని అందరూ నవ్వారు. ఇక్కడే చేసి చూపిస్తానంటే వద్దన్నారు. సంగతి తెలిసి కొమురయ్య కళాశాలకు వచ్చి, "అది చాయే దొరా, నేను తాగిన" అని గుమ్మంలో నిలబడి చెప్పాడు. అతణ్ణి లోపలికే రానివ్వలేదు. చివరికి నన్ను పిలిచారు.

"నువ్వు ఆయనింటికి పోతవటగ. ఏం తాగుతడు?" అన్నారు అధ్యక్షులు. అప్పటికి నాది టెంపరరీ ఉద్యోగం. నన్ను పర్మనెంట్ చేసే కాగితం వారి సంతకం కోసం ఎదురుచూస్తోంది. వారికి ఏ జవాబు కావాలో వారి ముఖాల్లోనే ఉంది.

"నాకు తెల్వదు సార్" అన్నాను.

పదవి వేరొకరికి పోయింది. 'భంగు సారు' అన్న పేరు మాత్రం ఆయనకు పదవీ విరమణ దాకా నిలిచింది. నేను ఆ ఇంటికి వెళ్లడం మానేశాను. కొన్నాళ్లకు చౌరస్తాలో ఎదురుపడి, "పర్మనెంట్ అయ్యిందటగ, సంతోషంరా" అన్నారు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదని ఇన్నేళ్లూ అనుకున్నాను.

పదకొండో దినాన సిగ్గు విడిచి వెళ్లాను. అమ్మ, అంటే సారు భార్య, నన్ను తిట్టలేదు. "ఆయనేం తాగెనో నాకెర్క, నీకెర్క, ఆ కొమురయ్యకెర్క. నేను ఆడదాన్ని, ఆయన మేదరాయన. మా మాట ఎవ్వలింటరు? నీ మాట ఇంటుండిరి బిడ్డా" అన్నది.

మొన్న సంతాప సభలో ఆనాటి కమిటీ పెద్దలే సారును ఋషితుల్యుడన్నారు, దండ వేశారు, రెండు నిమిషాలు నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. అటువంటి గురువు మా కళాశాలకు మళ్లీ రాడు. వచ్చినా మేము దక్కనివ్వం.

అందుకే ఈ నివాళి. ఆయన తాగినది తేయాకు. ఆరేళ్లు ఆయన చేతి మీదుగా నేనూ తాగాను. ఈ రెండు మాటలూ ఆనాడు అడిగినవారికి చెప్పలేదు. ఈనాడు ఎవరూ అడగలేదు.